తెలుగు వీడియోకి క్యాప్షన్లు: విస్పర్‌తో రాయించాలా, మనమే టైప్ చేయాలా?

మా చిన్న మావయ్యకి పుట్టుక నుంచీ వినపడదు. అమ్మమ్మ గోంగూర పప్పు చేస్తుంటే నేను తీసిన పన్నెండు నిమిషాల వీడియో చూసి, "అమ్మ ఏం చెబుతోందో నాకూ రాసిపెట్టరా" అని మెసేజ్ పెట్టాడు. ఆ ఒక్క వీడియోకే రెండు రకాలుగా క్యాప్షన్లు చేసి చూశాను.

ముందు విస్పర్. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ 2022లో ఉచితంగా ఇచ్చిన ఈ మోడల్ మాట విని రాసిపెడుతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోంచే దీన్ని నడపొచ్చు. ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక నెట్ అక్కర్లేదు, ఇంట్లోవాళ్ళ వీడియో బయటికి పోదు. టైమింగులు కూడా అదే వేస్తుంది. కాకపోతే విస్పర్‌లో చిన్నవీ పెద్దవీ రకరకాల సైజుల మోడళ్ళు ఉన్నాయి, చిన్నవి తెలుగుకి పనికిరావు. పెద్దదానికి దాదాపు 10 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి. నా ల్యాప్‌టాప్‌లో అంత లేదు కాబట్టి, మీడియం మోడల్ పెట్టి రాత్రంతా వదిలేశాను.

పొద్దున చూస్తే అమ్మమ్మ "దోరగా వేయించు" అన్నది "దూరంగా వేయించు" అయింది. "పావు చెంచా మెంతులు"లో పావు ఎగిరిపోయింది. ఆవిడ మాట్లాడకుండా ఆకులు తుంచుతున్న చోట, ఎవరూ అనని వాక్యం నాలుగుసార్లు పడింది. నిశ్శబ్దంలో లేని మాటలు పుట్టించడం విస్పర్‌కి ఉన్న జబ్బే. వినపడేవాళ్ళు ఇలాంటి తప్పుల్ని చెవితో సరిచేసుకుంటారు. మావయ్యకి మాత్రం తెరమీద ఏముంటే అదే వాళ్ళమ్మ మాట.

తర్వాత అంతా చెరిపేసి నేనే టైప్ చేశాను. సబ్‌టైటిల్ ఎడిట్‌లో కింద శబ్దం గీతలుగా కనిపిస్తుంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి టైమింగ్ పెట్టుకోవచ్చు. ఒక్కో క్యాప్షనూ రెండు వరుసలు దాటకుండా చూసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది, మెడ పట్టేసింది. అయినా ఇంటి మాట ఉన్న వీడియోకి నేను ఇదే చేస్తాను. పాఠాల్లాగా ఒక్కరే మైక్ దగ్గర తాపీగా మాట్లాడే వీడియో అయితే విస్పర్‌తో రాయించి దిద్దుకోవడమే మేలు, సగం పని తగ్గుతుంది.

ఇంకో సంగతి. పప్పు ఉడుకుతున్నంతసేపూ అమ్మమ్మ ఏమీ అనదు, మూడో విజిల్‌కి స్టవ్ కట్టేస్తుంది. విస్పర్ రాసేది మాటల్నే కాబట్టి ఆ చోట విజిల్ ఊసే లేదు. నేను (కుక్కర్ మూడో విజిల్) అని పెట్టాను. "అమ్మ విజిల్స్ లెక్కపెడుతుందని నాకు ఇప్పుడే తెలిసింది" అని మావయ్య రాశాడు.

ఎలా రాసినా, ఎస్ఆర్‌టీ ఫైల్‌ని (క్యాప్షన్లు, వాటి టైమింగులు ఉండే ఫైల్) యూటీఎఫ్-8లో, అంటే తెలుగు అక్షరాలు పట్టే ఎన్‌కోడింగ్‌లో, సేవ్ చేసి దాచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది. యూట్యూబ్‌కి ఆ ఫైల్ చాలు, తప్పు కనబడితే ఫైల్ ఒక్కటే మార్చొచ్చు. వాట్సాప్‌లో పంపాలంటే అక్షరాల్ని వీడియో మీదే అచ్చు వేయాలి. కొన్ని ఎడిటర్లలో ఒత్తులు విడిపోతాయి. అందుకే మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసేముందు "పప్పు", "ముక్కలు" లాంటి మాటలు వచ్చే పది సెకన్లు తీసి ఫోన్‌లో చూసుకోండి.