12 అంగుళాల మినీ లేత్: 8 అంగుళాల దాకా నమ్మొచ్చు

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంటి వెనక షెడ్డులో పెట్టుకోవడానికి కర్ర లేత్ (కర్రను గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్) వెతికేవాళ్లకు ముందుగా కనబడేది ఈ 12×18 మినీ మిషనే: 12 అంగుళాల వ్యాసం, 18 అంగుళాల పొడవు. పోత ఇనుము బెడ్ (అడుగున పొడుగ్గా ఉండే పట్టా), ముప్పావు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, పుల్లీ మీద ఐదు మెట్లు. ఒకే పోతకు రకరకాల రంగులేసి, రకరకాల పేర్లతో అమ్ముతారు. అందుకని పేరు పక్కన పెట్టి అంకెలు చూడండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 12కీ, మోటారు కవరు లోపలి పట్టీ మీద చిన్న అక్షరాల్లో ఉన్న 750కీ అసలు పొసగదు.

బెడ్‌కు తగలకుండా తిరగగల కర్ర వ్యాసం 12 అంగుళాలు. ఈ మిషన్ తిరగగల అతి తక్కువ వేగం నిమిషానికి 750 చుట్లు. లేత్ పనిలో పాత లెక్క ఒకటుంది: అంగుళాల్లో వ్యాసాన్ని చుట్లతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలి. 12 అంగుళాల చెక్కను 750 మీద తిప్పితే సరిగ్గా 9000. అంటే నున్నగా గుండ్రమైపోయిన చెక్కకు అదే ఆఖరి హద్దు. గొడ్డలితో మూలలు కొట్టి తెచ్చిన మామిడి దుంగ ముక్క ఒకవైపు బరువుగా ఉంటుంది. దాన్ని అందులో సగం వేగంతో మొదలుపెట్టాలి, ఆ వేగం ఈ మిషన్‌లో లేదు. ఆ చెక్క అంచు గంటకు 43 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. పట్టు తప్పితే అదే వేగంతో మనిషి మీదికొస్తుంది. 8 అంగుళాలైతే 750 మీద 6000 వస్తుంది, అంటే లెక్కలో కింది హద్దు. కాబట్టి గిన్నెలు, పళ్లేలకు దీన్ని 8 అంగుళాల మిషన్ అనుకునే కొనండి. 9 అంగుళాల చపాతీ పీట చెయ్యాలంటే ముందు రంపంతో వీలైనంత గుండ్రంగా కోసుకుని బిగించాలి.

ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి వేగం తగ్గించుకోవచ్చని చెప్పేవాళ్లుంటారు. వినకండి. ఇది కెపాసిటర్ మోటారు. వోల్టేజీ తగ్గిస్తే బలం పోతుంది, వేగం పడిపోయి లోపలి స్టార్టింగ్ వైండింగు (మొదలవడానికి మాత్రమే వాడే తీగ చుట్ట) మళ్లీ కలుస్తుంది, మోటారు కాలిపోతుంది. తక్కువ వేగం కావాలంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో 250 దాకా దిగే మోడల్ కొనుక్కోవడమే దారి.

కరెంటు సంగతి ఇంకా పెద్దది, ఎందుకంటే ఈ మిషన్‌లో పెద్ద లోపం అక్కడే ఉంది. దీనికి మామూలు ట్యూబ్‌లైటు స్విచ్చు లాంటిదే ఇచ్చారు. పని మధ్యలో కరెంటు పోతే స్విచ్చు ఆన్‌లోనే ఉండిపోతుంది. మీరు ఉలి తీసి, చక్‌లోకి (కర్రను దవడలతో పట్టి ఉంచే బిగింపులోకి) తాళంచెవి పెట్టి విప్పుతుండగా కరెంటు వస్తే మిషన్ దానంతటదే తిరుగుతుంది. మొదటి రోజే ఆ స్విచ్చు తీసేయించి, పచ్చ, ఎర్ర బటన్లున్న సింగిల్ ఫేజ్ స్టార్టరు పెట్టించండి. కరెంటు పోతే అది పడిపోతుంది, బటన్ నొక్కితే తప్ప లేవదు. బోరు మోటార్లకు రైతులు పెట్టుకునే ఆటో స్టార్టరు మాత్రం పొరపాటున కూడా వద్దు. కరెంటు రాగానే మోటారు నడపడమే దాని పని, ఇక్కడ మనకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఇంకో లెక్క చూసుకోవాలి. 230 ఉండాల్సింది 184కి దిగితే మోటారు బలం 64 శాతానికి పడిపోతుంది. ఉలి ఆనించగానే గుర్రుమని ఆగుతుంది, కవరు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అలాంటప్పుడు పని ఆపడం మేలు. అసలు మొదలే కాకుండా గుయ్‌మంటూ నిలబడితే చాలాసార్లు తప్పు కెపాసిటర్‌ది. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) తప్పనిసరి.

బిగింపు విషయానికొస్తే, మిషన్ 40 కిలోల లోపే కాబట్టి బల్ల బరువే దీనికి బలం. స్పిండిల్ (కర్రను తిప్పే ఇరుసు) మధ్య గీత మీ మోచేతి ఎత్తుకు రావాలి. అంతకన్నా కిందుంటే నడుం పోతుంది, పైనుంటే భుజం. నాలుగు బోల్టులూ బిగించాక బల్ల కింది అరలో రెండు ఇసుక బస్తాలు వేస్తే అదురు చాలా తగ్గుతుంది. బల్ల ఒక మూల లేచి ఉంటే బోల్టు బిగించే కొద్దీ బెడ్ మెలిపడుతుంది. ముందు ఆ కాలి కింద రేకు ముక్క పెట్టి, తరువాతే బిగించండి.

హెడ్‌స్టాక్‌లో (స్పిండిల్ ఉండే తలవైపు భాగంలో) మొన ఉన్న సెంటరు, టెయిల్‌స్టాక్‌లో (దానికెదురుగా జరిగే భాగంలో) ఇంకోటి పెట్టి, రెండు మొనలనూ వెంట్రుకవాసి దూరానికి తెచ్చి చూడండి. ఒకదానికెదురుగా ఒకటి నిలవాలి. మేం చూసిన మిషన్‌లో ఒక మిల్లీమీటరు పక్కకున్నాయి. కారణం టెయిల్‌స్టాక్ అడుగున, బెడ్ సందులో దిగే నాలుక మీద గడ్డకట్టిన పెయింటు. గీకి, ఆకురాయితో రెండు పట్లు పడితే సరిపోయింది. ఇలా పక్కకున్న సెంటర్లతో చేస్తే, చక్‌లో పట్టి టెయిల్‌స్టాక్ వైపునుంచి తొలిచే బెజ్జం మధ్యలో పడక పెద్దదైపోతుంది. మోర్స్ టేపర్ గొట్టం (సెంటరు దిగే, లోపలికి సన్నబడే బెజ్జం) లోపల పిసరంత పొట్టున్నా సెంటరు ఊగుతుంది. ప్రతిసారీ గుడ్డతో తుడవండి, మిషన్ ఆపి ఉన్నప్పుడే.

టూల్ రెస్ట్ (ఉలి ఆనించే కమ్మీ) కర్రకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. కర్ర అరిగేకొద్దీ దూరం పెరుగుతుంది, అప్పుడు మిషన్ ఆపి రెస్ట్ దగ్గరికి జరపాలి. సందు ఎక్కువైతే ఉలి కొస కిందికి లాగేసుకుంటుంది, పిడి పైకి తంతుంది. స్విచ్చు వెయ్యబోయే ముందు కర్రను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, రెస్ట్‌కు తగలట్లేదని చూడండి. స్పిండిల్ లాక్ పిన్ను బయటికి వచ్చిందా అని కూడా. అది లోపలుండగా స్విచ్చు వేస్తే బెల్టు కాలిన వాసన రావడానికి ఎంతోసేపు పట్టదు. వేసేటప్పుడు కర్రకు ఎదురుగా కాక ఒక పక్కగా నిలబడాలి.

చేతికి గ్లౌజులు వద్దు. లుంగీ కొంగు, మెడలో తువ్వాలు, చున్నీ, మణికట్టు తాళ్లు, పొడుగు చేతుల చొక్కా, ఇవేవీ లేత్ దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు చాలవు, ముఖమంతా కప్పే షీల్డు కావాలి. ఉప్పుకాగితం పట్టేటప్పుడు రెస్ట్ పూర్తిగా తీసేయండి.

డబ్బాతో వచ్చే మూడు ఉలులూ మామూలు కార్బన్ స్టీలు. గ్రైండర్ మీద కాస్త ఎక్కువసేపు పెడితే కొస నీలం తిరిగి పదును నిలవదు. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కాబట్టి ఆ కర్ర మీద అవి పది నిమిషాలకే మొద్దుబారతాయి. హైస్పీడ్ స్టీలు గౌజ్ (దోనె ఆకారపు ఉలి) ఒకటి, పార్టింగ్ టూల్ (కోసి విడదీసే సన్న ఉలి) ఒకటి, స్క్యూ (ఏటవాలు అంచు ఉలి) ఒకటి విడిగా కొనుక్కోండి. పెద్ద రఫింగ్ గౌజ్‌ను (మొదట మోటుగా గుండ్రం చేసే గౌజ్‌ను) గిన్నె లోపలికి ఎప్పుడూ పెట్టొద్దు. పిడిలోకి దిగే దాని తోక సన్నంగా ఉంటుంది, అడ్డపోగు తగిలితే అక్కడే విరుగుతుంది. చక్ కూడా విడి ఖర్చే. స్పిండిల్ మర 1 అంగుళం, అంగుళానికి 8 పళ్లది. వేరే మర చక్ తెచ్చి అడాప్టర్లు పెట్టుకుంటే ఊగు పెరుగుతుంది.

ఈ మిషన్ నిజంగా మెరిసేది సన్న పనిలో. రెండు అంగుళాల అప్పడాల కర్రను 1600 మెట్టు మీద గుండ్రం చేసి, 3200 మీద స్క్యూతో తుది పట్టు పడితే ఉప్పుకాగితం అవసరమే రాదు. బొంగరాలు, కవ్వాలు, ఉయ్యాల ఊచలు, గాజుల స్టాండ్లు హాయిగా వస్తాయి. మంచం కోళ్లకు మాత్రం పనికిరాదు. 18 అంగుళాలన్నది రెండు సెంటర్ల మధ్య దూరం, చక్ పెడితే ఇంకో మూడు నాలుగు అంగుళాలు తగ్గుతుంది. కోళ్లు చేసేవాళ్లు బెడ్ పొడిగింపు దొరుకుతుందా అని కొనకముందే అడగాలి.

ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర దొరికితే లక్క పని కూడా చెయ్యొచ్చు. కర్ర బాగా ఆరి ఉండాలి, పచ్చి కర్ర మీద లక్క నిలవదు. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ గట్టిగా ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పూసుకుంటుంది. దాన్ని సాపు చేసి మెరుగు తేవడానికి ఎండిన మొగలి ఆకు పట్టాలి. కేవడా (మొగలి పూల) అత్తరుకు పేరున్న, బరంపురం ఉండే గంజాం జిల్లాలో మొగలికి కరువు లేదు. అంచు ముళ్లు రెండువైపులా చీల్చేసి, రెస్ట్ తీసేసి, ఆకును కర్ర కింది వైపునుంచి ఆనించండి. ఆకును వేలికి చుట్టుకోవద్దు, కర్ర చుట్టూ తిప్పొద్దు. లాక్కుంటే ఆకు ఒక్కటే పోవాలి.