ఇంటి ముందు సిమెంటు గాబు: అనంతపురంలో ఒక ఎండాకాలం వాడి చూశాక

నిరుడు మార్చి చివరి వారంలో, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక జంతు సంక్షేమ బృందం వాళ్ళు బల్ల వేసుకుని కూర్చుని, ఎండాకాలంలో వీధి పశువులకు, పక్షులకు నీళ్ళు పెట్టమని ప్రచారం చేస్తూ సిమెంటు తొట్లు ఇస్తుంటే, 350 రూపాయలు కట్టి నేనూ ఒకటి తెచ్చుకున్నాను. తొట్టితో పాటు దాని మీద అతికించడానికి ఒక స్టిక్కరు, నాలుగు పేజీల కరపత్రం, వీధికుక్కల మెడకు కట్టే రేడియం పట్టీలు రెండు ఇచ్చారు. ఏడాది కావస్తోంది. ఈ నాలుగింటిలో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో, ఎండలు మళ్ళీ ముదరకముందే కొనదలచుకున్నవారికి చెప్పాలనిపించింది. బృందం పేరు మాత్రం రాయను. సొంత డబ్బు పెట్టుకుని తిరుగుతున్న పిల్లలు వాళ్ళు. పైగా నేను చెప్పబోయే లోపాలు ఇలాంటి తొట్లు పంచే ఏ ఊళ్ళోనైనా కనిపించేవే.

ముందు తొట్టి సంగతి. బయటి వెడల్పు 18 అంగుళాలు, గోడ మందం అంగుళంన్నర, లోతు 9 అంగుళాలు. బిందెతో కొలిచి పోస్తే 25 లీటర్ల దాకా పట్టింది. బరువు సుమారు 40 కిలోలు ఉంటుంది కాబట్టి ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆటోలోకి ఎక్కలేదు. ఆ బరువే దీని మొదటి గుణమని నాకు తరువాత అర్థమైంది. అంతకుముందు రెండేళ్ళు నేను ప్లాస్టిక్ టబ్బు పెట్టేవాణ్ణి. ఒకటి ఆవు మూతితో తోసి బోర్లా పడేసింది, ఇంకొకటి రాత్రికి రాత్రి ఎవరో పట్టుకుపోయారు. సిమెంటు తొట్టిని తోసిన ఆవు లేదు, ఎత్తుకుపోయిన దొంగా లేడు. కరపత్రంలో దీన్ని ‘వాటర్ బౌల్’ అని రాశారు గానీ, మా వీధిలో మొదటి రోజు నుంచే ఇది ‘గాబు’. మా జేజి వాళ్ళ ఊళ్ళో చేదబావి పక్కన రాతితో తొలిచిన గాబు ఉండేది. నీళ్ళు చేదుకున్నవాళ్ళు ఆఖరి చేద అందులో పోసి పోవడం మర్యాద. ఆ మాట వాడి ఉంటే ప్రచారానికి సగం వివరణ అవసరమే పడేది కాదు.

తెచ్చిన రోజే నింపి వేపచెట్టు కింద పెట్టాను. ఒక్క ప్రాణీ ముట్టలేదు. మరునాటికి నీటి మీద సన్నని తెల్లని పొర తేలింది. ఒక కాకి వచ్చి ముక్కు ముంచి, తల విదిలించి ఎగిరిపోయింది. తొట్టి చెడ్డదనుకుని, దాన్ని పోతపోసిన సిమెంటు వరల షెడ్డుకు వెళ్ళి అడిగితే అక్కడి మేస్త్రీ నవ్వాడు. కొత్త సిమెంటు కొన్నాళ్ళు సున్నం వదులుతుందని, పది రోజుల పాటు రోజూ నింపి, రోజూ పారబోసి, పీచుతో రుద్దితే గానీ ఆ ఘాటు పోదని చెప్పాడు. అలా చేశాక పదకొండో రోజున మొదట గోరింకలు, ఆ వెనుక కుక్కలు వచ్చాయి. ఈ ఒక్క వాక్యం కరపత్రంలో లేకపోవడం నా మొదటి ఫిర్యాదు. కొన్న నాడే నింపి, ఎవరూ తాగడం లేదని విసిగి, తొట్టిలో తులసి మొక్క నాటుకున్న ఇల్లు మా పక్క వీధిలోనే ఒకటి ఉంది.

ఇక ఇరవై అయిదు లీటర్లు సరిపోతాయా అంటే, ఎవరికి అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కుక్కలకు, పిట్టలకు రెండు రోజులు వస్తాయి. పాలు పిండుకుని పొద్దున్నే రోడ్డు మీదికి తోలేసిన ఆవు ఒక్కటి వచ్చిందంటే, మూతి ముంచి ఎత్తకుండా పీల్చి, చివరికి అడుగున నాలుకతో నాకి, కదలకుండా నిలబడి మన వాకిలి వైపు చూస్తుంది. పెద్ద ఆవు ఎండాకాలంలో రోజుకు 50 లీటర్ల దాకా, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువే తాగుతుంది. అంటే ఈ తొట్టి దానికి ఒక పూట దాహం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. మా వీధికి కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. కాబట్టి ‘మనుషులకే లేవు, గొడ్లకు ఎక్కడివి’ అని పొరుగువాళ్ళు అన్నప్పుడు నా దగ్గర ఎదురు వాదన లేకపోయింది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్లో పట్టి పెట్టడం మా ఇంట్లో అప్పటి నుంచే మొదలైంది. ఆవులు మంచినీళ్ళకంటే ఆ కడుగునే ఇష్టంగా తాగుతాయి. అయితే ఆ బకెట్ వల్లే తొట్టికి పాచి తొందరగా పడుతుంది.

తొట్టి శుభ్రం గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే ప్రచారం మొత్తం మీద నాకు బలహీనంగా కనిపించింది ఇదే. ఏప్రిల్లో ఆశా కార్యకర్త ఒకామె ఇంటింటికీ వస్తూ మా తొట్టి దగ్గర ఆగి, టార్చి వేసి, నీటి అడుగున మెలికలు తిరుగుతున్న లార్వాలను నాకు చూపించింది. నాకు సిగ్గేసింది. డెంగ్యూ తెచ్చే దోమ ఇలాంటి నిలవ నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందువల్ల వారానికి ఒకసారైనా తొట్టి పూర్తిగా ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే సరిపోదు, గోడలను రుద్దాలి, ఎందుకంటే ఈ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. 40 కిలోల తొట్టిని వంచి పారబోయడం ఒక మనిషి వల్ల కాదు. అడుగున రంధ్రమైనా లేదు. ముంతతో తోడుకోవాలి. ప్రతి శుక్రవారం ఈ పని చేసే ఓపిక ఉన్నవాళ్ళే ఈ తొట్టి కొనాలని నా సలహా. ఊళ్ళో గాలికుంటు వ్యాధి కనిపించిన రోజుల్లో మాత్రం దీన్ని బోర్లించి ఉంచడమే మేలు, ఎందుకంటే జబ్బు చేసిన పశువు చొంగ పడిన నీళ్ళను ఇంకొకటి తాగితే జబ్బు దానికీ అంటుకుంటుంది. నీళ్ళు పెట్టండి అని చెప్పినవాళ్ళు ఎప్పుడు పెట్టకూడదో కూడా చెప్పి ఉండవలసింది.

మే నెలలో ఒక పొద్దున తొట్టిలో ఉడుత పిల్ల చచ్చి తేలింది. లోపలి గోడ నిటారుగా, నున్నగా ఉంది. నీరు సగానికి తగ్గాక అందులో పడిన చిన్న ప్రాణికి పైకి ఎక్కే దారి లేదు. ఆ రోజే ఒక తాడిపత్రి బండ ముక్క తెచ్చి, అడుగు నుంచి అంచు దాకా ఏటవాలుగా నిలబెట్టాను. ఇప్పుడు పిచ్చుకలు ఆ బండ మీద వరుసగా కూర్చుని, నీరు ఎంత దిగితే అంత దిగి తాగుతాయి. రూపాయి ఖర్చు లేని ఆ బండ ముక్క తొట్టితో పాటే ఇవ్వవలసిన వస్తువు.

స్టిక్కరు విషయానికి వస్తే, దాని మీది మాటలు ఈ ప్రచారంలో అన్నిటికంటే విలువైనవి, దాని జిగురు అన్నిటికంటే నాసి. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువులతో రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదని, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు పని చేయించకూడదని అందులో అచ్చు వేశారు. మా ఊళ్ళో మార్చి నడిమి నుంచి మే ఆఖరు వరకు 37 దాటని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సిమెంటు బస్తాలు తోలే ఎద్దులబండి ఆయన ఒకరు, ఎద్దులకు నీళ్ళు తాపడానికి ఆగినప్పుడు, ఇదేం రాశారని అడిగితే చదివి చెప్పాను. ఆయన తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ, ‘బాగానే రాసినారు సామీ, ఆ మూడు గంటల కూలి ఎవురిస్తారో అది కూడా రాసింటే బాగుండు’ అన్నాడు. ఆ ప్రశ్నకు కరపత్రంలో నాలుగు పేజీలు వెదికినా జవాబు లేదు. బస్తాలు దింపించుకునే దుకాణాల వాళ్ళతో మాట్లాడి, సరుకు పొద్దున పదకొండులోపు, సాయంత్రం నాలుగు తరువాత తోలేలా ఒప్పించడం ఈ బృందం చేయదగిన పని. బండివాడికి నియమం చదివి వినిపించడం తేలిక, సరుకు యజమానికి వినిపించడమే కష్టం. స్టిక్కరు జూన్ తొలి వానకు ఊడిపోయింది.

కరపత్రం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటి పేజీ నిండా అతిథుల ఫోటోలు. చట్టం గురించి రాసిన పేజీలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పేరుంది గానీ శిక్ష ఎంతో లేదు. దాచి ఉంటారని నా అనుమానం. మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 65 ఏళ్ళు దాటినా ఆ అంకె మారలేదు. పశువుకు తిండి, నీరు పెట్టని యజమానికి కూడా అదే సెక్షన్ వర్తిస్తుంది, అంటే పాలు పిండుకుని ఆవును రోడ్డు మీదికి తోలేసినాయన పట్టుబడితే కట్టేది ఎక్కువలో ఎక్కువ ఈ తొట్టి ధరలో ఏడో వంతు. ప్రచారం అంటూ చేస్తే ఈ అంకె మీద చేయాలి. ఆ చట్టం కోసం 1950ల తొలినాళ్ళలో రాజ్యసభలో బిల్లు పెట్టి పోరాడినవారు నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు కూడా ఆమే. అతిథుల ఫోటోల్లో ఒకటి తగ్గించి ఆ తల్లి బొమ్మ వేసి ఉండవచ్చు. ఇంకొక మాట: బృందం కట్టిన ఫ్లెక్సీ గాలికి చిరిగి కింద పడితే, దాని పీలికను నములుతున్న కోడెదూడ నోట్లోంచి నేనే లాగి పడేశాను. ఈ ప్రచారానికి గుడ్డ బ్యానరు తప్ప ఇంకేదీ వాడకూడదు.

రేడియం పట్టీలను నేను సిఫారసు చేయను. బండి లైటు పడినప్పుడు మెరవడం నిజమే, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన తిరిగే కుక్కలకు అది ప్రాణం నిలిపే వస్తువే. కానీ మాకు ఇచ్చినవి సాగని నైలాన్ పట్టీలు. బృందం వాళ్ళే మా వీధి చివరి కుక్కపిల్లకు ఒకటి కట్టి వెళ్ళారు. రెండు నెలలకు పిల్ల పెరిగింది, పట్టీ పెరగలేదు. మెడ కింద బొచ్చు ఊడి చర్మం ఒరుసుకుపోయాక, బిస్కెట్లతో మచ్చిక చేసి కత్తెరతో కత్తిరించవలసి వచ్చింది. ఫోను చేసి చెబితే తప్పు ఒప్పుకున్నారు, అది మెచ్చుకోవాలి. సాగే పట్టీలు, అదీ ఎదిగిన కుక్కలకే అయితే తీసుకోవచ్చు.

కుక్కల మాట వచ్చింది కాబట్టి పొరుగువాళ్ళతో తగవు సంగతీ చెప్పాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేసి పట్టుకున్న చోటే వదలాలని, రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదని, తిండి పెట్టడం నిర్ణయించిన చోట్లనే జరగాలని చెప్పిన తరువాత, మా ఎదురింటి పెద్దాయన పేపరు పట్టుకుని వచ్చి తొట్టి తీసేయమన్నారు. ఆ ఉత్తర్వు తిండి గురించే తప్ప నీళ్ళ గురించి కాదని నేను వాదించగలిగేవాణ్ణే, కానీ ఆయన మనవరాలు సైకిలు తొక్కేది మా గేటు ముందే. తొట్టిని ముప్పై అడుగులు జరిపి, ఖాళీ స్థలం ప్రహరీ వారగా పెట్టాను. అక్కడికి వచ్చే అయిదు కుక్కల్లో మూడింటికి చెవి కొసన కోత ఉంది, అంటే ఆపరేషన్ అయినవి; మిగతా రెండింటి కోసం బృందానికి మూడుసార్లు ఫోను చేశాను. డిసెంబరులో వచ్చి ఒకదాన్ని పట్టుకెళ్ళి, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, నాలుగు రోజులకు తెచ్చి వదిలారు. రెండోది ఆ వల చూసినప్పటి నుంచి ఆ దరిదాపులకు రావడం లేదు.

మొత్తం మీద తొట్టికి అయిదుకు నాలుగు, స్టిక్కరు మీది మాటలకు అయిదు, మిగతా వాటికి ఒకటి కంటే ఎక్కువ వేయలేను. ఈసారి ఇంకొకటి తీసుకుంటున్నాను, కానీ బల్ల దగ్గర కాదు, నేరుగా మేస్త్రీ దగ్గర. అడుగున ముప్పావు అంగుళం పైపు ముక్క పెట్టి మూత బిగించడానికి 40 రూపాయలు, స్టిక్కరుకు బదులు ‘37 డిగ్రీలు, 12 నుంచి 3’ అని పచ్చి సిమెంటు మీదే మొలతో చెక్కడానికి ఏమీ అక్కర్లేదన్నాడు. పెట్టేది ఎద్దులబండ్లు ఆగే మలుపులో. శుక్రవారం కడిగే పని, తోడు ఉంటే, తానూ చేస్తానని ఆ బండి ఆయన ఒప్పుకున్నాడు. సున్నం వదలడానికి పది రోజులు పడుతుంది కాబట్టి మీరు చేయించుకోదలిస్తే ఫిబ్రవరిలోనే చెప్పిపెట్టుకోండి, మార్చిలో మేస్త్రీ దొరకడు.