స్కాట్లాండ్ ఉత్తర తీరంలో మోటార్‌హోమ్: మా అత్తగారు కాఫీ మానేసిన రోజు

నాలుగో రోజు ఉదయం మా అత్తగారు కాఫీ వద్దన్నారు. తెనాలిలో ఉండగా తెల్లవారుజామున అయిదింటికి ఫిల్టరు కాఫీ పడనిదే వాకిట్లో ముగ్గు కూడా వెయ్యని మనిషి ఆవిడ. తలనొప్పిగా ఉందా అని మా ఆవిడ అడిగితే కాదన్నారు. కాసేపటికి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదని తేలింది. అత్తగారు నాతో నేరుగా ఏమీ అనరు. కూతురితో అంటూ నాకు వినపడేలా చూసుకుంటారు. "ఆ ఎర్రదీపం ఆరేదాకా నాకేమీ తాగడానికి ఇవ్వకే అమ్మాయ్" అన్నారు.

ఆ ఎర్రదీపం మోటార్‌హోమ్‌లోని, అంటే మేము వండుకుంటూ పడుకుంటూ తిరిగిన బండిలోని, మరుగుదొడ్డిది. మలమూత్రాలు పడే డబ్బా నిండవచ్చినప్పుడు అది వెలుగుతుంది. స్కాట్లాండ్‌లో ఎనిమిది రోజులు తిరిగిన మేము కోటలూ సరస్సులూ సముద్రపు ఒడ్లూ చాలానే చూశాము గానీ, ఇప్పుడు తలుచుకుంటే ముందుగా గుర్తుకు వచ్చేది ఆ దీపమే. ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ళు ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను మోటార్‌హోమ్‌లో తిప్పాలని ఉబలాటపడుతుంటారు కాబట్టి, మాకు ఎవరూ చెప్పని సంగతులను వివరంగా రాస్తున్నాను.

బండిని ఎడిన్‌బరో శివార్లలో అద్దెకు తీసుకున్నాము. నలుగురు పడుకునే బండికి ఎనిమిది రోజుల అద్దె 1,160 పౌండ్లు. అప్పగించిన కుర్రాడు గ్యాసు, హీటరు, బ్యాటరీ అన్నీ చూపించి, మరుగుదొడ్డి దగ్గరకు వచ్చేసరికి చరచరా ముగించాడు. బండి పక్కన చిన్న తలుపు ఉంటుందనీ, అందులోంచి క్యాసెట్ అనే డబ్బాను పెట్టెలాగా లాగవచ్చనీ, దానికి చక్రాలూ పిడీ ఉన్నాయనీ చెప్పి, ఒక నీలిరంగు మందు సీసా చేతిలో పెట్టాడు. ఎక్కడ పారబొయ్యాలని అడిగితే "ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి" అన్నాడు. ఖాళీ చెయ్యకుండా తిరిగి ఇస్తే 100 పౌండ్లు కోస్తామన్న వాక్యం మాత్రం ఒప్పంద పత్రంలో పెద్ద అక్షరాలతో ఉంది.

మొదటి రెండు రాత్రులు సాఫీగా గడిచాయి. ఇన్వర్నెస్ దగ్గర క్యాంప్‌సైట్‌కు 36 పౌండ్లు, జాన్ ఓ గ్రోట్స్ వైపు మరోదానికి 41 పౌండ్లు. ఇన్వర్నెస్‌లో ఉదయాన్నే మొదటిసారి క్యాసెట్ ఖాళీ చేశాను. బ్రిటన్‌లో ఈ పారబోసే చోటును ఎల్సన్ పాయింట్ అంటారు. గోడకు ఆనుకొని పెద్ద సింకు లాంటి తొట్టీ, కడగడానికి ఒక గొట్టమూ ఉంటాయి. డబ్బా మూతిని బయటికి తిప్పి, పిడి దగ్గర ఉన్న గాలి మీటను బొటనవేలితో నొక్కిపెట్టి వంచాలి. మీట నొక్కకపోతే లోపలి సరుకు గుడగుడమంటూ ఎగిసి మీద పడుతుంది. ఇది నేను బూట్లు పోగొట్టుకొని నేర్చుకున్న విషయం. మంచినీళ్ళ కుళాయి వేరే ఉంటుంది, దాని దరిదాపులకు ఈ డబ్బాను తీసుకువెళ్ళకూడదు.

మూడో రోజు ఉదయం తప్పు నాదే. ఎల్సన్ పాయింట్ దగ్గర అయిదుగురు డబ్బాలతో వరసలో నిలబడి ఉన్నారు. దీపం ఇంకా వెలగలేదు కదా, సాయంత్రం ఎక్కడో ఒకచోట చూసుకోవచ్చని బయలుదేరదీశాను. ఆ డబ్బా పట్టేది సుమారు 18 లీటర్లు, బండిలో ఉన్నది నలుగురం. రెండు రోజులకు నిండుతుందని వేళ్ళ మీద లెక్క వేసినా తెలిసేది. ఆ రాత్రి థర్సో దాటి టంగ్ అనే ఊరి సమీపంలో, గ్రామస్థులు నడిపే పార్కింగ్ స్థలంలో 15 పౌండ్లు కట్టి ఆగాము. అక్కడ మంచినీళ్ళు ఉన్నాయి, చెత్త డబ్బాలు ఉన్నాయి, ఎదురుగా సముద్రపు పాయ ఉంది, రాత్రి పదింటికీ వెలుతురు ఉంది. క్యాసెట్ పారబోసే చోటు మాత్రం లేదు. తెల్లవారేసరికి ఎర్రదీపం, దాని వెంట అత్తగారి నిరాహార దీక్ష.

దారిలో మొదట కనిపించిన క్యాంప్‌సైట్‌లోకి తిప్పాను. పదకొండు గంటలైంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దమనిషిని, డబ్బా ఖాళీ చేసుకుంటాము, ఎంత తీసుకుంటారని అడిగాను. తలెత్తకుండానే వెనక ఉన్న బోర్డు వైపు వేలు చూపించాడు. ఇక్కడ రాత్రి ఉండేవాళ్ళకు మాత్రమే అని దాని సారాంశం. పది పౌండ్లు ఇస్తానన్నాను, పెద్దవాళ్ళు ఉన్నారన్నాను. అయితే రాత్రికి 38 పౌండ్లు కట్టండి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక లోపలికి రండి అన్నాడు. పడమటి తీరంలో ఆ రాత్రికి 39 పౌండ్లు ముందే కట్టేశాము, తిరిగి ఇవ్వరు. మా మామగారు బండిలోంచే అంతా చూసి, "అల్లుడు గారూ, ముప్ఫై ఎనిమిదీ పారేసి పని కానివ్వండి, ఉండకపోతే వాళ్ళకేం నష్టం" అన్నారు. ఆయన మాట వినవలసింది. పౌరుషానికి పోయి బండి ముందుకు నడిపాను. ఆ పెద్దమనిషి కాదనడానికి సరైన కారణమే ఉండవచ్చునని సాయంత్రానికి తెలిసింది గానీ, తలెత్తి రెండు ముక్కలు చెప్పడానికి కారణాలు అక్కరలేదని నా అభిప్రాయం ఇప్పటికీ.

తరవాత కనిపించిన పబ్లిక్ టాయిలెట్ మీద, రసాయన మరుగుదొడ్ల వ్యర్థాలు ఇక్కడ పొయ్యరాదని స్పష్టంగా రాసి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను రెండు నిమిషాలు ఆలోచించిన మాట నిజం. ఆపింది మామగారు. ఆయన తెనాలి పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా 31 ఏళ్ళు పనిచేశారు. ఇలాంటి మారుమూల చోట మురుగు కాలువ ఉండదనీ, సెప్టిక్ ట్యాంకూ ఇంకుడు గుంతా ఉంటాయనీ, ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టేది సూక్ష్మజీవులనీ, మన చేతిలో ఉన్న నీలి మందు వాసన రాకుండా చేసేదే ఆ జీవులను అణచి వెయ్యడం ద్వారాననీ, నాలుగు బండ్లవాళ్ళు పోశారంటే కుళ్ళని సరుకంతా ఇంకుడు గుంతలోకి వెళ్ళి అది పూడుకుపోతుందనీ బండి బయట నిలబడి నాకు పాఠం చెప్పారు. పాఠం పూర్తయ్యాక మా ఆవిడ అడిగింది: "అయితే ఇప్పుడేం చేద్దాం నాన్నా?" దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

అక్కడి నుంచి డర్నెస్ దాకా ముప్ఫై మైళ్ళు. లాక్ ఎరిబోల్ అనే సముద్రపు పాయను చుట్టి వచ్చే ఒంటిదారి అది. ఎదురు బండి వస్తే పాసింగ్ ప్లేస్‌లో ఆగి దారి ఇవ్వాలి. స్కాట్లాండ్ మొత్తంలో ఇంత అందమైన దారి మరొకటి లేదని చెబుతారు. మేము నలుగురం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒకచోట దారి ఇవ్వడానికి ఆగితే, రాళ్ళ వెనక తడిసిన కాగితాలూ, నేలమీద నీలిరంగు మరకా కనిపించాయి. మా ముందు వచ్చిన ఎవరో పెద్దమనిషి తన ఎర్రదీపాన్ని అక్కడ ఆర్పుకొని పోయాడన్నమాట. మా అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "ఎవరి ఊరైనా ఊరే కదే" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై అక్కడికే చేరే ఈ 516 మైళ్ళ చుట్టుదారికి 2015లో నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టి ప్రపంచమంతా చాటారు. బండ్లు వచ్చాయి. వాటి వెంట వచ్చే క్యాసెట్ల సంగతి తరవాత గుర్తుకు వచ్చినట్టుంది. గ్రామీణ పర్యాటక వసతుల కోసం విజిట్‌స్కాట్లాండ్ సంస్థ నిర్వహించిన ప్రభుత్వ నిధి మొదలైంది 2018లో. పార్కింగ్, మరుగుదొడ్లు, ఇలాంటి పారబోత చోట్లు కొన్ని ఆ డబ్బుతోనే వచ్చాయి. ఈ లెక్క విని మామగారు, "పెళ్ళికి పిలిచి, విస్తళ్ళు వేసి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పెట్టడం మరిచిపోయారు" అన్నారు. ఇంకొకటి, స్కాట్లాండ్‌లో ఎక్కడైనా ఆగి పడుకోవచ్చని మనవాళ్ళు చెప్పుకునే మాట మోటారు బండ్లకు వర్తించదు. 2003 భూసంస్కరణల చట్టం ఇచ్చిన ఆ హక్కు నడిచేవాళ్ళకూ, సైకిలు మీద పోయేవాళ్ళకూ, గుడారం వేసుకునేవాళ్ళకూ గానీ బండి వేసుకొని వచ్చేవాళ్ళకు కాదు.

డర్నెస్‌లో స్మూ గుహ ఉంది, లోపల జలపాతం ఉంది. మేము దిగలేదు. ఫోన్‌లోని యాప్ చూపించిన ఒక పారబోత చోటుకు వెళితే తాళం వేసి ఉంది. చివరికి దక్షిణంగా తిరిగాక ఒక పాసింగ్ ప్లేస్‌లో పక్కకు వచ్చి ఆగిన పోస్టు వ్యాను డ్రైవరును అడిగాను. రెండు మైళ్ళు ముందుకు వెళ్ళి ఎడమకు తిరిగితే రేవు దగ్గర ఉందని చెప్పాడు. ఉదయం నుంచి చూసిన యాప్‌లూ బోర్డులూ చెయ్యలేని పని అతను అర నిమిషంలో చేశాడు.

పడవలు కట్టే చిన్న రేవు అది. పక్కన సిమెంటు చప్టా, ఇనుప మూత, గొట్టం, గోడకు తగిలించిన డబ్బాలో 5 పౌండ్లు వెయ్యమన్న కాగితం. మా దగ్గర 20 పౌండ్ల నోటు తప్ప చిల్లర లేదు. అన్ని చోట్లా కార్డే గీస్తూ వచ్చాము. ఊళ్ళో ఉన్న ఒక్క దుకాణానికి నడిచి వెళ్ళి, 3 పౌండ్ల 20 పెన్నీలకు వెన్న బిస్కెట్లు కొని నోటు మార్చుకొని వచ్చేసరికి, చప్టా దగ్గర మామగారూ, ఆ చోటు చూసుకునే డెబ్బై ఏళ్ళ పెద్దాయనా మాటల్లో మునిగిపోయి ఉన్నారు. మామగారి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయన స్కాటిష్ యాస నాకే సగం అర్థం కాదు. సెప్టిక్ ట్యాంకు గురించి మాట్లాడుకోవడానికి ఇద్దరికీ అదేమీ అడ్డు రాలేదు.

ఆ పెద్దాయన మొట్టమొదట అడిగిన ప్రశ్న మందు నీలమా, సెప్టిక్ ట్యాంకుకు హాని చెయ్యని పచ్చదా అని. నీలమనగానే మొహం చిట్లించాడు. తరవాత చెప్పాడు: ఇది ఇంకుడు గుంత ఉన్న ట్యాంకు కాదు, మూసి ఉంచే ట్యాంకు, నిండితే లారీ వచ్చి తోడుకుపోతుంది, కాబట్టి ఇక్కడ నీలం పోసినా ఫరవాలేదు; చాలా క్యాంప్‌సైట్లలో సెప్టిక్ ట్యాంకే దిక్కు, దారినపోయేవాడు ఏ మందు కలిపాడో తెలియక రానివ్వరు. లారీ అంత దూరం నుంచి వచ్చిన ప్రతిసారీ ఊరివాళ్ళకు బోలెడు ఖర్చు, అందుకే 5 పౌండ్లు. డబ్బులు వెయ్యకుండా పోసిపోయేవాళ్ళు ఉన్నారా అని అడిగితే నవ్వి, కిందటి వారం ఒకడు గ్యాలన్ల కొద్దీ పోసి, డబ్బాలో విదేశీ నాణెం వేసి పోయాడన్నాడు. నేను 10 పౌండ్లు వేశాను. ఊరి పేరు రాయడం లేదు. ట్యాంకు చిన్నదనీ, ఎక్కువమందికి చెప్పవద్దనీ ఆయన అడిగాడు.

పని ముగించి బండెక్కేసరికి మా ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టింది. అత్తగారు రెండు గ్లాసుల కాఫీ తాగారు.

ఆ తరవాతి రోజులు సుఖంగా జరిగాయి. ఉల్లాపూల్‌లో 13 పౌండ్లకు పచ్చ మందు కొన్నాము. బేలాఖ్ నా బా కనుమ ఎక్కలేదు. పెద్ద బండ్లకు తగదని మొదట్లోనే బోర్డు ఉంది. తిరుగుదారిలో ఒక రాత్రి అటవీశాఖ వారి కార్ పార్కులో ఆగాము. 2021లో ప్రయోగంగా మొదలైన ఏర్పాటు ఇది. సాయంత్రం ఆరు నుంచి ఉదయం పది వరకు, బండిలో సొంత మరుగుదొడ్డి ఉన్నవాళ్ళకే అనుమతి. మేము కట్టింది 7 పౌండ్లు. చెట్ల మధ్య ఆ నిద్ర 41 పౌండ్ల క్యాంప్‌సైట్‌లో పట్టలేదు. అయితే అక్కడ పారబొయ్యడానికి ఏమీ ఉండదు, ముందే ఖాళీ చేసుకొని వెళ్ళాలి.

వెళ్ళేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటి ఉంది: దీపం వెలిగేదాకా ఆగవద్దు. ఎల్సన్ పాయింట్ కనిపించిన ప్రతిచోటా, డబ్బా సగమే నిండినా, వరసలో పదిమంది ఉన్నా ఖాళీ చేసుకోండి. రాత్రి ఉండకుండా కేవలం పారబొయ్యడానికి వెళ్ళేటట్టయితే ముందు ఫోన్ చెయ్యండి. మేము తరవాత ఒకచోట అలా చేస్తే 5 పౌండ్లకే ఒప్పుకున్నారు. జేబులో పౌండు నాణేలు పది ఉంచుకోండి. పచ్చ మందే వాడండి. అంట్లు తోమిన నీళ్ళు బండి కింద వేరే ట్యాంకులోకి పోతాయి. వాటినీ తూము ఉన్నచోటే వదలాలి, రోడ్డు పక్కన కాదు. పప్పూ పులుసూ తిన్న కంచాలను కాగితంతో తుడిచి కడగకపోతే మూడో రోజుకు ఆ ట్యాంకు వాసన మరుగుదొడ్డిని మించిపోతుంది.

డీజిలుకు 194 పౌండ్లు అయింది, సుమారు 690 మైళ్ళు తిరిగాము. ఎడిన్‌బరోలో బండి అప్పగించినప్పుడు అదే కుర్రాడు క్యాసెట్ తలుపు తెరిచి, డబ్బా ఊపి చూసి, ఖాళీగా ఉందని సంతకం పెట్టాడు. పారబోత చోట్లు ఎక్కడపడితే అక్కడ లేవని చెప్పాను. అందరూ అలాగే అంటారన్నాడు.

మామగారు ఆ రేవు దగ్గర చప్టాను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశారు. తెనాలిలో తనతో పనిచేసి రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కోటల ఫోటోలతో పాటు వాటినీ పెట్టారు. కోటలకు నాలుగు నమస్కారాలు వచ్చాయి. చప్టాకు మాత్రం వాలు ఎంత పెట్టారు, గొట్టం ఎన్ని అంగుళాలు, లారీ ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందని రాత్రి పొద్దుపోయేదాకా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి.