సర్పి రాకుండా వేసే టీకా: రెండు డోసులూ పూర్తయ్యాక నా మాట

నేను రాస్తున్నది షింగ్రిక్స్ అనే టీకా గురించి. యాభై దాటినవాళ్లకి సర్పి రాకుండా వేస్తారు. జీఎస్‌కే కంపెనీది, మన దేశంలోకి 2023లో వచ్చింది. జబ్బకి రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలల ఎడం. నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక చిన్న క్లినిక్‌లో వేయించుకున్నాను. ఖర్చు చాలా ఎక్కువ. అయినా స్తోమత ఉన్నవాళ్లని వేయించుకోమనే చెబుతాను. ఎందుకో అర్థం కావాలంటే ముందు రోగం సంగతి తెలియాలి.

పెదకాకానిలో ఉండే మా వదినకి నిరుడు సర్పి వచ్చింది. నడుముకి కుడివైపు మంట మొదలై, వెన్ను నుంచి బొడ్డు దాకా పట్టీలాగా నీటి పొక్కులు లేచాయి. ముందు జాజుతో బొమ్మ గీసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. మందుకి విలువైన సమయం అక్కడే పోయింది. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ లాంటి మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. చివరికి గుంటూరులో చర్మం డాక్టరు మందులు ఇచ్చారు, పొక్కులు మాడిపోయాయి, మంట మాత్రం ఉండిపోయింది. ఇప్పటికీ పావడా బొందు బిగించి కట్టుకోలేకపోతోంది. రోజంతా వదులు నైటీలోనే ఉంటుంది, పెళ్లిళ్లకి రావడమే మానేసింది. పొక్కులు తగ్గాక కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇలా నరం మండటం సర్పిలో అందరూ భయపడాల్సిన సంగతి. వయసు పెరిగేకొద్దీ దీని అవకాశం పెరుగుతుంది.

"నేనెవరి దగ్గరికీ పోలేదు కదమ్మాయ్, ఇది ఎక్కడ అంటుకుంది?" అని అడుగుతూనే ఉంటుంది. ఎక్కడా అంటుకోలేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి నుంచీ అది ఆమె ఒంట్లోనే ఉంది.

రెండిటికీ వైరస్ ఒక్కటే, వారిసెల్లా జోస్టర్. ఆటలమ్మ తగ్గి, వేపాకు నీళ్లతో తలంటు పోశాక అంతా అయిపోయిందనుకుంటాం. కానీ ఆ వైరస్ నరాల దారిన లోపలికి చేరి, వెన్నెముకని ఆనుకుని ఉండే నరాల ముడుల్లో, ముఖానికి సంబంధించిన నరాల ముడుల్లో దాక్కుంటుంది. అక్కడి నాడీకణం కేంద్రకంలో దాని డీఎన్ఏ చుట్టలాగా ముడుచుకుని ఉండిపోతుంది. దాని జన్యువులు దాదాపు అన్నీ మౌనంగా ఉంటాయి. కొత్త వైరస్‌లు తయారు చేయదు, కణాన్ని చంపదు, అందుకే ఒంటి కాపలా దళాలు దాన్ని అక్కడి నుంచి ఏరిపారేయలేవు. పైగా నాడీకణాలు సాధారణంగా విభజన చెందవు, మనతోపాటే ఉంటాయి. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

మా ఇంట్లో వ్యవసాయం ఉంది కాబట్టి నాకు తుంగ గుర్తొచ్చింది. పైన మొక్క ఎంత పీకినా నల్లరేగడిలో గడ్డ మిగులుతుంది, అదను చూసి లేస్తుంది. వైరస్‌కి అదను మన రోగనిరోధక శక్తి తగ్గడం. వయసు, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు, హెచ్ఐవీ, ఇవన్నీ దారి ఇచ్చేవే. షుగర్ ఉన్నవాళ్లకి కూడా ముప్పు ఎక్కువే. దాన్ని అణిచి ఉంచేది ముఖ్యంగా టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు. అవి బలహీనపడినప్పుడు వైరస్ నిద్ర లేచి, కాపీలు తీసుకుని, అదే నరం వెంట చర్మానికి దిగుతుంది. సర్పి ఒక వైపే, ఆ ఒక్క నరం పరిధిలోనే పట్టీలాగా రావడానికి కారణం ఇదే. మాత్రలు వైరస్ పెరుగుతున్నప్పుడే పనిచేస్తాయి, నిద్రలో ఉన్నదాన్ని తాకలేవు.

ఈ సంగతి గట్టిగా చెప్పినవాడు పెద్ద ప్రయోగశాల శాస్త్రవేత్త కాదు. ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే ఇంగ్లండ్ డాక్టరు సిరెన్‌సెస్టర్‌లో తన దగ్గరికి వచ్చిన సర్పి రోగుల వివరాలు 16 ఏళ్లు రాసిపెట్టుకుని, 1965లో ఈ వివరణ ఇచ్చాడు. నరాల ముడుల్లో వైరస్ డీఎన్ఏ దొరికింది 1983లో. అన్నేళ్లు ఓపిగ్గా రాసుకున్న ఆ డాక్టరంటే నాకు చాలా గౌరవం.

ఇక టీకా. ఇందులో బతికున్న వైరస్ లేదు. వైరస్ పైపొరలో ఉండే గ్లైకోప్రోటీన్-ఇ అనే ఒక్క ప్రోటీన్, దాంతోపాటు రోగనిరోధక వ్యవస్థని గట్టిగా తట్టిలేపే పదార్థం. అందులో ఒక భాగం చిలీ దేశపు క్విలాజా చెట్టు బెరడు నుంచి తీస్తారు. దాక్కున్న వైరస్‌ని ఇది బయటికి పంపదు, టీ కణాలని మళ్లీ అప్రమత్తం చేస్తుంది. 2015లో వచ్చిన అధ్యయనంలో టీకా వేసుకున్న 7,344 మందిలో 6 మందికి సర్పి వచ్చింది, ఉత్తుత్తి సూది వేసుకున్న 7,415 మందిలో 210 మందికి వచ్చింది. అంటే 97 శాతం రక్షణ. ఈ లెక్క చూశాకే మా వారు డబ్బు గురించి మాట్లాడటం మానేశారు. నాకు షుగర్ ఉంది, ఆటలమ్మ పోసిన గుర్తు నుదుటి మీద ఇప్పటికీ ఉంది, ఇంకేం ఆలోచించాలి?

ముందు అడిగిన ఒక మందుల షాపులో తెప్పించి ఇస్తాం, మీరే తీసుకెళ్లి ఎక్కడైనా వేయించుకోండి అన్నారు. ఐస్ ప్యాక్ సంగతి అడిగితే సమాధానం లేదు. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టనివ్వకూడదు. అందుకే క్లినిక్‌కి వెళ్లాను. నర్సమ్మ ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తీసి తేదీలు చూపించింది, పొడిని ద్రవంతో నా ఎదురుగానే కలిపింది. డాక్టర్ గారు అలర్జీలు, వాడే మందులు అడిగి, వేశాక కాసేపు కూర్చోబెట్టారు. "సాయంత్రానికి చెయ్యి నొప్పి పుడుతుందమ్మా, టెన్షన్ పడొద్దు" అని ముందే చెప్పారు. అలాగే పుట్టింది. జబ్బ వాచింది, ఒళ్లు నొప్పులు, చలి. చాలామందికి ఇలాగే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మర్నాడు పనేమీ పెట్టుకోకండి.

ధర ఒక్కో డోసుకి పదివేల పైమాటే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వేయించుకుంటే నలభై వేలు దాటుతుంది. కూలీనాలీ చేసుకునేవాళ్లు, చిన్న పింఛన్ మీద బతికేవాళ్లు ఎక్కడి నుంచి తేగలరు? ప్రభుత్వం కనీసం షుగరు, క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్లకైనా ఉచితంగా ఇవ్వాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

సర్పి ఉన్నప్పుడు ఈ టీకా వేయరు, అది మందు కాదు. తగ్గాక వేయించుకోవచ్చు, ఎందుకంటే మళ్లీ రావచ్చు. పొక్కుల్లో నీరు ఉన్నన్నాళ్లూ, ఆటలమ్మ రాని పసిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వకండి, వాళ్లకి ఆటలమ్మ పోయగలదు. ఇంకో మాట, మొదటి డోసు రోజే రెండోదానికి తేదీ రాయించుకుని, దానికి వారం ముందు ఫోన్ చేసి స్టాకు ఉందో లేదో కనుక్కోండి. మా వదినకి డాక్టరు సరేనన్నారు, మొదటి డోసు వచ్చే నెలలో అదే క్లినిక్‌లో.