అంపైర్ మాటే ఆఖరా, రివ్యూ ఉండాలా?

1986 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అర్జెంటీనా ఆటగాడు మారడోనా బంతిని చేత్తో కొట్టింది రిఫరీ కంట పడలేదు. గోల్ ఇచ్చేశాడు, అదే నిలిచింది. తీర్పు తప్పయినా సరే, తగవు తెగాలి. లేకపోతే ఆటే సాగదు. సార్వభౌముడి మాటకు తిరుగుండకూడదని ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ పట్టుబట్టిందీ ఇందుకే.

అంపైర్ తీర్పును రీప్లేలో మళ్లీ చూడమని ఆటగాళ్లు అడిగే క్రికెట్ రివ్యూది రాజ్యాంగం దారి. అధికారం ఉంటుంది, దానిమీద అప్పీలూ ఉంటుంది, హద్దులతో. 15 సెకన్లలో అడగాలి. టెస్టు ఇన్నింగ్స్‌లో 3 రివ్యూలు విఫలమైతే ఇక అంతే. ఎల్బీడబ్ల్యూలో, అంటే వికెట్లకు తగలాల్సిన బంతికి బ్యాటర్ కాలు అడ్డొచ్చిందన్న అప్పీలులో, బంతి సగంకన్నా తక్కువే వికెట్లకు తగిలేలా కనిపిస్తే మైదానంలోని అంపైర్ నిర్ణయమే చెల్లుతుంది. దీన్ని చాలామంది తిట్టిపోస్తారు గానీ, న్యాయమైన నియమమే: తెరమీద గీసే బంతి దారి కూడా అంచనాయే కదా. అసలు చిక్కు కోటాతో. రివ్యూలు దుబారా చేసుకున్న జట్టు, కళ్లెదుట కనిపించే తప్పునూ దిద్దించుకోలేదు. ఎవరూ అడగకుండానే, తెరమీద ఆట చూసే మూడో అంపైర్ నోబాల్ చూసే పద్ధతి ఇంతకంటే మేలు.