డ్రై సూత్రం చట్టమా, సలహానా? ఏది మేలు?

"ఇది డ్రై కాదు, కలిపెయ్." ఒకరు రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకొకరు చూసే కోడ్ రివ్యూలో ఈ ఒక్క ముక్క వచ్చి పడుతుంది. డ్రై అంటే 'డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్', రాసిందే మళ్లీ రాయొద్దని. ఎందుకని అడిగితే రూల్ రూలే అంటారు. నేనూ చాలాకాలం అలాగే అన్నాను.

ఒకసారి మా ప్రాజెక్టులో పిన్‌కోడ్‌నీ ఓటీపీనీ చెక్ చేసే కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంది, రెండూ 6 అంకెలే కదా. కలిపేశాను. తర్వాత, మన పిన్‌కోడ్ ఏదీ సున్నాతో మొదలవదు కాబట్టి ఇంకొకరు అందులో ఆ షరతు చేర్చారు. సరైన షరతే. కానీ ఓటీపీ సున్నాతో మొదలవచ్చుగా! దాదాపు పదిసార్లలో ఒకసారి లాగిన్ ఫెయిల్, మళ్లీ ఓటీపీ అడిగితే మామూలుగా అయిపోతుంది. ఇలాంటి బగ్‌ని పట్టుకోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

అలాగని డ్రైని గాలికొదిలేస్తే? 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి, 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయాయి. రేటు ఒక్కచోటే ఉన్నవాళ్లు అది మార్చి పడుకున్నారు, బిల్లులో ఒకచోట, రిపోర్టులో ఒకచోట 12 అని కొట్టుకుంటూ పోయినవాళ్లకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

తమాషా ఏంటంటే, 1999లో ఆండీ హంట్, డేవ్ థామస్ అనే ప్రోగ్రామర్లు తమ పుస్తకంలో ఈ డ్రై మాట అన్నది కోడ్ వరసల గురించి కాదు, ఒక విషయానికి సిస్టమ్‌లో ఒకటే ఆధారం ఉండాలని. జీఎస్టీ రేటు ఒకే విషయం. పిన్‌కోడ్, ఓటీపీ రెండు విషయాలు, చూడ్డానికి కవలల్లా ఉన్నాయంతే.

నిజంగా చట్టం అనదగ్గది క్యాప్ సిద్ధాంతం. 2000లో కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రూవర్ ఊహించింది, 2002లో గిల్బర్ట్, లించ్ అనే మరో ఇద్దరు రుజువు చేశారు: సర్వర్ల మధ్య నెట్‌వర్క్ తెగితే, డేటా అన్నిచోట్లా ఒకేలా ఉండటమా, ప్రతి రిక్వెస్టుకీ జవాబివ్వడమా, ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. దీనికి ఏ రివ్యూయరూ కాపలా ఉండక్కర్లేదు. అదే లా ఆఫ్ డిమిటర్, అంటే కోడ్‌లో ఒక భాగం తన దగ్గరి భాగాలతోనే మాట్లాడాలనేది, పేరులో లా ఉన్నా 1987లో పుట్టిన మంచి సలహా, అంతే.

చట్టంలా పట్టుకుంటే ఒక లాభం మాత్రం ఉంది, కొత్తగా చేరినవాళ్లకి ఆలోచించే పని తగ్గుతుంది, వాదనలు త్వరగా తెగుతాయి. అయినా నా ఓటు సలహాకే. ఇప్పుడు రివ్యూలో "ఒకటి మారితే రెండోదీ మారాలా?" అని మాత్రం అడుగుతున్నాను. ఆ రెండు ఫంక్షన్లూ విడదీశాక కూడా, కలిపేద్దామా అంటూ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు.