గని గ్రాఫైటా, ఫ్యాక్టరీ గ్రాఫైటా?

గూడూరు, సైదాపురం వైపు మైకా చూసి పెరిగినవాళ్లకు గ్రాఫైట్ రేకులు కొత్తేం కాదు. ఇదీ పొరలు పొరలుగానే ఉంటుంది, కాకపోతే నల్లగా వేలికి అంటుతుంది. మైకా కరెంటును ఆపుతుంది, ఇది పారనిస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం బ్యాటరీల్లో ఆనోడ్ (మైనస్ వైపు భాగం) ఎక్కువగా దీనితోనే చేస్తారు. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో ఇదీ ఉంది. అదే ఏడాది డిసెంబరు నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతికి పర్మిట్లు పెట్టింది. గనిదైనా, ఫ్యాక్టరీదైనా అక్కడిదే పైచేయి.

గని గ్రాఫైట్ చవక. రాయిని పొడి చేసి, నీళ్లలో కలిపి బుడగలు ఊదితే, తడి పట్టని గ్రాఫైట్ నురగతో పాటు పైకి తేలుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. బ్యాటరీ కోసం రేకుల్ని గుండ్రంగా మలిచేటప్పుడు సగానికి పైగా ధూళిగా పోతుంది. మిగిలినదాన్ని 99.95 శాతం శుద్ధి చేయడానికి తరచూ వాడేది చాలా విషపూరితమైన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. చెరువుల మీద బతికే ఊళ్ల పక్కన అంటే టెన్షనే.

సింథటిక్‌లో, అంటే ఫ్యాక్టరీ గ్రాఫైట్‌లో, పెట్రోలియం కోక్‌ను (ముడి చమురు శుద్ధిలో మిగిలే నల్లటి కార్బన్ గడ్డ) కరెంటు కొలిమిలో దాదాపు 3000 డిగ్రీల దాకా కాలుస్తారు. మన్నిక ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

నెల్లూరుకైతే నా ఓటు సింథటిక్‌కే. కృష్ణపట్నం రేవు ఉంది, కోక్ ఓడలో దిగుతుంది. కానీ బొగ్గు కరెంటుతో కాలిస్తే పర్యావరణానికి లాభమేంటి? కొలిమి రాత్రిళ్లూ మండాలి, కాబట్టి సోలార్ ఒక్కటే చాలదు.